సొంతదారు లేని చెత్త

చెంచవ్వకు యాభై రెండేళ్లు. దండోరా వినిపిస్తే చేతిలో పని ఆపి చివరి మాటదాకా వింటుంది.

నెల రోజులుగా చెత్తబండి రాక వాళ్ల వీధిలో కుప్ప నడుమెత్తు పెరిగింది. ఈగలు కోడలి పురిటిమంచం దాకా వచ్చేశాయి. పసిగుడ్డుకు ఏమవుతుందోనని హడలిపోయి, ఊరి బాగోగులు చూసే కొత్వాలు దగ్గరికి పరుగెత్తింది.

"ఊడ్చుకోవడం ఆడవాళ్ల పని. అదేమన్నా నా చెత్తా?" అన్నాడు కొత్వాలు తాంబూలం నములుతూ.

"మరి ఎవరిది దొరా?"

"ఎవరిదో ఎవడికి తెలుసు, పో!"

సొంతదారు తెలియదన్న ఆ మాట చెవిన పడగానే చెంచవ్వ ఎగిరి గంతేసినంత పని చేసింది. గంటలో నలభైమంది ఆడవాళ్లు గంపలెత్తుకొచ్చి కొత్వాలు వాకిట్లో కుమ్మరించారు.

"ఏమిటే ఈ అఘాయిత్యం!"

"ఆడవాళ్ల పని కదా, ఊడ్చి తెచ్చాం. వీధిలో పడున్నదానికి సొంతదారు తెలియకపోతే కొత్వాలు ఇంట అప్పగించాలనీ, లేకుంటే కొరడా దెబ్బలనీ ఏటా మీరే దండోరా వేయిస్తారు. భద్రంగా దాచండి దొరా! సొంతదారు వచ్చి అడిగితే గుప్పెడు కూడా తగ్గకూడదు. ఇంకా సగం ఉంది, సాయంత్రానికి తెచ్చేస్తాం."

కొత్వాలు ముక్కు మూసుకుని అప్పటికప్పుడు బళ్లు కట్టించాడు. పొద్దు వాలకముందే వీధిలో నేల కనిపించింది.

తర్వాత ఆ బళ్ల పెత్తనం చెంచవ్వే అడిగి పుచ్చుకుని పదకొండేళ్లు చేసింది.