ఎడమ మడమ

పరదేశి నాయుడు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుల ముఖాలకంటే ముందు వాళ్ళ బూట్ల అడుగులు చూసేవాడు. సైన్యంలో ఇరవై రెండేళ్ళు చేసి వచ్చిన మనిషి. మూతపడిన గోనెసంచుల మిల్లులో ఒక గోదామును బాగుచేసుకుని అక్కడ పిస్టల్ షూటింగ్ నేర్పేవాడు. గుమ్మం పక్కన ఒక చెక్క అలమారా ఉండేది. సాధన బూట్లు సాయంత్రం అందులో పెట్టి వెళ్ళాలి, ఇంటికి పట్టుకుపోకూడదు. "పెల్లెట్ గుళ్ళ సీసం పొడి ఈ నేల మీద రాల్తాది. అది మీ బూటుకంటుకుని ఇంటికెళ్తే పాకే పిల్లల నోట్లోకి పోతాది. మీ వీధిలో రాళ్ళు బూటుకంటుకుని ఇక్కడికొస్తే నా నేల పాడైపోతాది. ఎక్కడివి అక్కడ!" అన్నది ఆయన చట్టం.

ఒక గురువారం మధ్యాహ్నం వరహాలు అనే శిష్యురాలు ఆయన దగ్గరికి వచ్చి, "మాస్టారూ, పోటీకి ఎలాంటి బూట్లు కొనుక్కోమంటారు? నేలని గట్టిగా పట్టుకోవాలి, కాలికి హాయిగా ఉండాలి" అని అడిగింది. అడిగి ఊరుకోలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "కొన్నాక ఇంటికి పట్టుకుపోతాను. ఆ అలమారాలో మాత్రం పెట్టను" అంది.

"ఏమ్మా, అలమారాకి చెదలు పట్టిందా?"

"మనిషి పట్టింది మాస్టారూ."

వరహాలుకి ముప్పై నాలుగేళ్ళు. ఆడవాళ్ళ సబ్‌జైల్లో వార్డరు. పదేళ్ళుగా అనుమానమే ఆమెకి అన్నం పెడుతోంది. ములాఖత్‌కి వచ్చిన క్యారియరులో గరిట పెట్టి అడుగుదాకా కలపడం, కొప్పులు విప్పించి చూడడం, సబ్బుబిళ్ళ మీద తాళంచెవి అచ్చు తీశారేమోనని తిప్పి తిప్పి చూడడం ఆమె నిత్యకృత్యం. ఎవరికీ వీపు చూపించకూడదన్నది ఆ కొలువులో మొదటి పాఠం. వచ్చే ఆదివారం రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ. జట్టులో మిగిలింది ఒక్కటే చోటు. అది దక్కకపోతే సాధన కోసం పైవాళ్ళు ఇచ్చిన పగటి వెసులుబాటు ఆగిపోతుంది. ఆ తరవాత పిస్టల్ పట్టే రోజు మళ్ళీ రాదు. సూపరింటెండెంటు ఆ మాట కాగితం మీదే రాసిచ్చాడు.

సరిగ్గా ఈ సమయంలోనే ఆమె గురి చెడింది. మొదటి ఇరవై గుళ్ళూ నడిమధ్యన పడేవి. ఆ తరవాత ఒక్కొక్కటే కుడివైపుకి నడిచి పోయేవి. ఎడమ బూటు నేల మీద నిలవడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. తిప్పి చూస్తే మడమ దగ్గర నూనె రాసినట్టు నున్నగా మెరుస్తోంది. గోటితో గీకింది, వాసన చూసింది. కొవ్వొత్తి మైనమేమో అనుకుని సబ్బుతో కడిగింది. మర్నాడు చూస్తే మళ్ళీ అదే మెరుపు. కుడి బూటుకి లేదు, ఎడమదానికే ఉంది. చేసినవాళ్ళు పనితెలిసినవాళ్ళే అనుకుంది వరహాలు. రెండిటికీ రాస్తే దొరికిపోరూ!

ఆ ఒక్క చోటుకీ ఆమెతో పోటీ పడుతున్నది హేమసుందరి. బాలికల హైస్కూల్లో డ్రాయింగు టీచరు. నాలుగు నెలలుగా ఇద్దరూ నిలబడేది పక్కపక్కనే; హేమసుందరిది కుడిపక్క చోటు. అయితే కుడిచేత్తో పిస్టల్ పట్టేవాళ్ళు టార్గెట్ వైపు కుడిభుజం పెట్టి పక్కవాటుగా నిలుచుంటారు గనక, హేమసుందరి ఎప్పుడూ వరహాలు వీపు వెనకే ఉండేది. నవ్వుముఖం మనిషి. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తెచ్చి అందరికీ పంచేది. వరహాలు తన వాటా పుచ్చుకుని, ముందు ఆమె నాలుగు తిన్నాక గాని తను నోట్లో వేసుకునేది కాదు. పది రోజుల కిందట ఆ హేమసుందరే వచ్చి, "వరాలక్కా, ఆ ఎడం బూటు మార్చీయక్కా. అది బాగోలేదు" అంది. ఎడం బూటు సంగతి ఈవిడకెలా తెలిసింది? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే కాబోలని ఆ రోజే అనుకుంది వరహాలు.

తరవాత ఆమె జైల్లో నేర్చిన పని ఒకటి చేసింది. మంగళవారం సాయంత్రం తన తలవెంట్రుక ఒకటి తీసి, రెండు బూట్ల లేసుల మీదుగా అడ్డంగా చుట్టి, అలమారాలో పెట్టి వెళ్ళింది. బూటు ఎవరు కదిపినా వెంట్రుక ఊడిపోవాలి. బుధవారం ఉదయం వచ్చేసరికి వెంట్రుక లేదు. తనకంటే ముందు వచ్చిన శిష్యురాలు హేమసుందరి ఒక్కతే. ఇంకేం కావాలి?

ఇదంతా ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మాస్టారు అంతా విని, "ముగ్గుపిండుందా నీ దగ్గర?" అన్నాడు.

"జైలు వార్డరు దగ్గర ముగ్గుపిండేటి మాస్టారూ?"

"అయితే గేటు దగ్గర ముసలమ్మనడిగి ఒక దోసెడు పట్రా."

పిండి వచ్చాక ఆయన దాన్ని పల్చటి పంచెగుడ్డలో మూటగట్టి, వరహాలూ హేమసుందరీ నిలబడే రెండు చోట్ల మీదా చల్లాడు. ఊదితే లేచిపోయేటంత పల్చగా, నేలకి పౌడరు అద్దినట్టు చల్లాడు. వరహాలుకి వెంటనే అర్థమైపోయింది. వేలిముద్రలు తీసేవాళ్ళు చేసే పనే ఇది! ముసలాయన పైకి పొడిపొడిగా ఉన్నాడు గాని తన మాట నమ్మాడు. ఈవేళ హేమసుందరి అడుగు ఎటు వేసినా పిండి పట్టిస్తుంది. ఆమెకి లోలోపల సంతోషం వేసింది.

నాలుగు దాటాక హేమసుందరి బడి నుంచి చేతికి సుద్దముక్కల రంగులతోనే వచ్చింది. "ఇదేటి మాస్టారూ, పేరంటమా? నన్ను పిలవనేలేదు!" అంది.

"పిలిచేకే కదా వచ్చేవు. ఇద్దరూ చెరో ముప్పై గుళ్ళూ కొట్టండి. పాయింట్లు నాకక్కర్లేదు. కొట్టీసి, నేను చెప్పేదాకా ఆ చోటు దాటకండి."

కొట్టారు. వరహాలు ఆ పూట పాయింట్ల మాట తలవలేదు. ఒక్కో గుండూ కొట్టి పిస్టల్ బల్ల మీద పెట్టినప్పుడల్లా వెనకున్న మనిషి మీద ఒక కన్నేసి ఉంచింది. అడుగు కదిపిందా? వంగిందా? తన బూటు వంక చూసిందా? హేమసుందరి కదలలేదు. కాకులు గొడవపెడుతున్నా కదలని కొంగలాగా నిలబడి, తన మానాన తను ముప్పై కొట్టి, పిస్టల్ దించింది. ఎంత గడుసుదో అనుకుంది వరహాలు.

"ఇంక దిగండి" అన్నాడు మాస్టారు.

హేమసుందరి నిలబడ్డ చోట పిండిలో రెండు అడుగులు ఉన్నాయి. బూటు గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. వరహాలు చోట కుడి అడుగూ అలాగే ఉంది. ఎడమ అడుగు లేదు. మడమ ఆనిన చోట పిండి అంతా తుడిచిపెట్టుకుపోయి, అర్ధచంద్రాకారంలో సిమెంటు తేలి, చుట్టూ చిన్న గట్టులా పేరుకుంది.

మాస్టారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు. "ఇక్కడ తిరగలి విసిరిందెవరమ్మా?" అన్నాడు.

హేమసుందరి పకపకా నవ్వింది. వరహాలు ముఖం చూసి ఆ నవ్వు సగంలో ఆపేసి, పిస్టల్ పెట్టెలో సర్దుకుని, ట్యూషనుందంటూ వెళ్ళిపోయింది. ఆమె గుమ్మం దాటేదాకా వరహాలు అక్కణ్ణుంచి కదల్లేదు. తరవాత కూర్చుని ఎడమ బూటు విప్పి తిప్పి చూసింది. నేల మీద ఉన్న అర్ధచంద్రమే మడమ మీదా ఉంది. అక్కడ మైనమూ లేదు, నూనే లేదు. రబ్బరు గీతలు అరిగి అరిగి నునుపుదేలాయి, అంతే. ముప్పై గుళ్ళకి ముప్పైసార్లు వెనక్కి తిరిగింది తను. నాలుగు నెలలకి ఎన్నిసార్లో! తిరిగిన ప్రతిసారీ మడమ పాతచోటికి రాక వెంట్రుకవాసి పక్కకి వచ్చి ఉంటుంది. ఆ వెంట్రుకవాసే పది మీటర్ల అవతల టార్గెట్ కార్డు మీద పాయింట్లు తినేసింది.

అయినా పదేళ్ళ వార్డరు అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? "మరి వెంట్రుక మాటేటి మాస్టారూ?" అంది.

మాస్టారు చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి విప్పాడు. "ఇదేనా? మంగళవారం సాయంత్రం మీరంతా వెళ్ళేక బూట్లు తిప్పి చూస్తూంటే చేతికి తగిలింది. నీదేనని అప్పుడే అనుకున్నాను. ఏరి ఏరి నెరిసినదే పెట్టేవేటమ్మా?"

"అయితే అప్పుడే చెప్పొచ్చు కదా!"

"చెప్తే నీ లెక్కలో దొంగలం ఇద్దరమయ్యేవోళ్ళం."

నిజానికి అప్పటికే ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసి ఉంది. మాస్టారు అది చూడనట్టే పొట్లం మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంక నువ్వడిగిందానికి వద్దాం. పొద్దున్న పూట కొనకు. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతాది, అప్పుడు కొను. పోటీలో వేసుకునే మేజోళ్ళే తొడుక్కుని వెళ్ళు. అడుగు బల్లపరుపుగా ఉండాల. పరుగుబూటులా మెత్తగా, ఎత్తుగా ఉన్నది వద్దు, ఒళ్ళు ఊగుతాది. చీలమండ కప్పినది కూడా వద్దు, పోటీలో ఒప్పుకోరు. లోపల వేళ్ళు ఆడాల, మడమ ఆడకూడదు. షాపువోడి నున్నటి నేల మీద రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, కళ్ళు మూసుకుని నూరు లెక్కపెట్టు. నూరయ్యేసరికి నీకు బూట్లున్నట్టే తెలియకపోతే, అవే కొను."

శుక్రవారం సాయంత్రం వరహాలు అలాగే కొంది. కాకపోతే షాపువాడి చేత ఏడు జతలు దింపించి, ప్రతిదాని లోపలి అట్టా పైకి లాగి, చెయ్యి పెట్టి తడిమి, దీపం కింద పట్టి చూసింది. "ఏటమ్మా, బూట్లు కొంటున్నారా, సోదా చేస్తున్నారా?" అన్నాడతను. కళ్ళు మూసుకుని నూరు లెక్కపెట్టమన్నారు గురువుగారు. ఆమె అరవై దగ్గర ఒకసారి కన్ను తెరిచి, తన పాత చెప్పులు ఉన్నచోటే ఉన్నాయో లేదో చూసుకుని, మళ్ళీ మూసుకుంది. శనివారం హేమసుందరి రాలేదు; వరహాలు ఒక్కతే, వెనక్కి తిరిగే పని లేకుండా, రోజంతా కొత్త బూట్లతో సాధన చేసింది. సాయంత్రం వాటిని అలమారాలో పెడుతూంటే చెయ్యి దానంతటదే తల మీదికి, జడ దగ్గరికి వెళ్ళింది. పట్టి దించుకుంది.

ఆదివారం పోటీలో చీటీలు తీస్తే ఇద్దరికీ పక్కపక్క చోట్లే పడ్డాయి. హేమసుందరి మళ్ళీ వీపు వెనకే. చీటీలు వేసినవాళ్ళ మీద కూడా వరహాలుకి అనుమానం వచ్చింది గాని, దాన్ని గొంతులోనే మింగేసింది. మొత్తం అరవై గుళ్ళు. ఇరవై మూడో గుండు దగ్గర వెనకనుంచి దగ్గు వినబడింది. మెడ తిరిగింది, దానితో మడమా తిరిగింది. వెంటనే సర్దుకుని నిలబడింది. ఆ తరవాత ఎన్ని దగ్గులు వచ్చినా తిరగలేదు. నలభై ఎనిమిదో గుండు దగ్గర మాత్రం వెనక బొత్తిగా చప్పుడు లేకుండా పోయింది. దగ్గునైతే ఓర్చుకుంది గాని ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేకపోయింది. రెండోసారి తిరిగి చూసింది. హేమసుందరి పిస్టల్ ఎత్తి, కొట్టకుండా, దేనికోసమో ఎదురుచూస్తున్నదానిలా నిలబడి ఉంది.

ఫలితాలు అతికించారు. రెండే రెండు పాయింట్ల తేడాతో ఆ ఒక్క చోటూ వరహాలుకి దక్కింది.

హేమసుందరి ముఖం కడుక్కుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదాల మీద నవ్వు మాత్రం ఎప్పటిదే. "మంచి బూట్లు కొన్నావక్కా, అస్సలు చప్పుడు లేదు" అంది. "పాతది నువ్వు తిరిగినప్పుడల్లా కిర్రుమనేది కదా. మార్చమన్నాను, నువ్వు వినలేదు. పోనీలే అని, నీ కిర్రు అయ్యాక కొట్టడం అలవాటు చేసుకున్నాను. నాలుగు నెలలు! ఈవేళ అది వినబడక, ఎప్పుడు కొట్టాలో తెలీలేదక్కా నాకు."

మన గురక మనకి వినబడనట్టు, ఆ కిర్రు వరహాలుకి ఏనాడూ వినబడలేదు. ఈ మాట దెప్పడమా, హాస్యమా, నిజమా? బూటు మార్చమన్నది తన మంచికా, ఆమె చెవుల కోసమా? క్యారియరు అడుగుదాకా వెతికినట్టు హేమసుందరి ముఖమంతా వెతికింది. అక్కడ ఏమీ దొరకలేదు. హేమసుందరి ఆమె భుజం తట్టి బస్సుకి వెళ్ళిపోయింది.

మాస్టారు పోటీ చూడనేలేదు. బయట మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. వరహాలు వచ్చి, జట్టులో చోటు వచ్చిన సంగతి చెప్పి, కాళ్ళకి దండం పెట్టబోయింది. ఆయన ఆమె చేతిలోని కొత్త బూట్లు అందుకుని, ఎడమదాన్ని తిప్పి వెలుతురికి పట్టాడు. కొత్త రబ్బరు మీది నూగు మడమ దగ్గర గోరంత మేర చెరిగి ఉంది.

"రెండుసార్లు" అన్నాడు.

ఆమె తల దించుకుంది.

మాస్టారు బూటు మీది దుమ్ము చొక్కా అంచుతో తుడిచి తిరిగి ఇచ్చాడు. "జత మంచిదే కొన్నావమ్మా. ఎన్నాళ్ళొస్తాదన్నది మాత్రం షాపువోణ్ణి అడక్కు, నీ మెడనడుగు."