హిమజ అడిగిన ప్రశ్న

ఆదోనిలో పళ్ళ డాక్టరు రహమతుల్లా గారి దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన హిమజకు ఒకటే ఇబ్బంది. ఆయన మరీ నిదానం.

చేతి పనిలో కాదు, మాటల్లో. పేషెంటు నోరు తెరవకముందే పంట ఎలా ఉంది, పిల్లలేం చదువుతున్నారు, నిద్ర పడుతోందా, ఏం తిన్నావు అంటూ మొదలుపెడతారు. బయట బెంచీ నిండిపోతుంది. కాలేజీలో బంగారు పతకం తెచ్చుకున్న హిమజకు ఆ కబుర్లు వింటుంటే విసుగొచ్చేది.

ఒకరోజు ఉండబట్టలేక అనేసింది. "సార్, మీరు అరగంట మాట్లాడి తెలుసుకునేది నేను రెండు నిమిషాల్లో అడిగేస్తాను."

"అయితే ఈ పూట నువ్వే చూడమ్మా," అన్నారాయన. గొంతులో కోపం లేదు. పక్క గదిలోకి వెళ్ళి, ఎవరిదో కట్టుడుపళ్ళ సెట్టు సానపట్టుకుంటూ కూర్చున్నారు.

మొదట వచ్చింది సువార్తమ్మ. బస్సు కండక్టరు. చీర మీద ఖాకీ కోటు, చెంప వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది. అదే బస్సు నడిపే బుడ్డన్న ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె కుర్చీలో కూర్చుంటే అతను పక్కనే నిలబడ్డాడు.

హిమజ చేతులకు గ్లవుజులు తొడుక్కుంటూనే అడిగింది. "బీపీ, షుగరు, గుండె జబ్బు, ఫిట్సు, ఆస్తమా, ఏమైనా ఉన్నాయా?"

సువార్తమ్మ చూపు ఒక్క క్షణం బుడ్డన్న మీదకు పోయింది. "ఏమీ లేవు మేడం."

"మందులేవైనా వాడుతున్నారా?"

"లేదు మేడం."

హిమజ దవడకు మత్తు సూది ఇచ్చింది. అది పట్టేదాకా ఆగి, లైటు కిందికి లాగి, చిన్న అద్దం నోట్లో పెట్టి చూస్తోంది. అంతలో సువార్తమ్మ కళ్ళు లైటు మీదే నిలిచిపోయాయి.

"అమ్మా, నొప్పిగా ఉందా?"

కుర్చీ చేతి మీద వేళ్ళు వంకర్లు పోయాయి. హిమజ అద్దం బయటికి లాగేసిందో లేదో పళ్ళు టక్కున కరుచుకున్నాయి. ఒళ్ళంతా కొయ్యబారింది. మరుక్షణం కొట్టుకోవడం మొదలైంది.

హిమజకు చదివినదంతా ఒక్కసారిగా చెదిరిపోయింది. రెండు చేతులతో సువార్తమ్మ భుజాలు అదిమి పట్టుకుంది. పట్టుకున్నకొద్దీ ఆ కొట్టుకోవడం తన చేతుల్లోకి పాకుతోంది. బుడ్డన్న జేబులోంచి తాళాలగుత్తి తీసి, "చేతిలో ఇనుము పెట్టండి మేడం! నాలుక కొరుక్కుంటాది, పళ్ళ మధ్య ఏదన్నా పెట్టండి!" అని అరిచాడు.

హిమజ చెయ్యి ట్రేలోని చెక్కపుల్ల వైపు పోయింది.

"వద్దు. నోట్లో ఏమీ పెట్టకు. వదిలెయ్యమ్మా, పట్టుకోకు."

రహమతుల్లా గారు ఎప్పుడొచ్చారో తెలియదు. సూదులున్న ట్రేను దూరంగా తోశారు. లైటు పక్కకు తిప్పి, కుర్చీని చదునుగా కిందికి దించి, సువార్తమ్మను మెల్లగా ఒక పక్కకు ఒరిగించి, తల కింద అరచెయ్యి పెట్టారు. నురగ చెంప మీదుగా బయటికి కారిపోయింది.

"అన్నా," అన్నారు బుడ్డన్నతో, "మీరు తలుపు బయట నిలబడండి. లోపలికి ఎవర్నీ రానివ్వద్దు."

బుడ్డన్న తాళాలు పట్టుకునే బయటికి నడిచాడు. తలుపు మూసుకుంది.

"హిమజా, గడియారం చూస్తూ ఉండు. ఐదు నిమిషాలు దాటితే మందు వెయ్యాలి, అంబులెన్సు రావాలి. అత్యవసర మందుల పెట్టె తెచ్చి పక్కన పెట్టుకో. ఫోను చేతిలో ఉంచుకో."

తర్వాత ఆయన ఏమీ చెయ్యలేదు. ఆ తలను చేతిలో ఉంచుకుని ఊపిరి చూస్తున్నారు, అంతే. ఆ ఏమీ చెయ్యకపోవడమే హిమజకు భరించరానిదిగా ఉంది. గడియారం ముల్లు కదులుతోందా, ఆగిందా? రెండు నిమిషాలు. పెదవులు నల్లబడుతున్నాయి. మూడు. హిమజ వేలు ఫోను మీదే వణుకుతోంది.

నాలుగు కాకముందే కుదుపుల మధ్య ఎడం పెరిగింది. చివరగా ఒక పెద్ద ఊపిరి వచ్చింది, గురక లాగా. పెదవులకు రంగు తిరిగింది.

అప్పుడు చూసింది హిమజ. చీర తడిసిపోయింది. ఆమె చూసేసరికే రహమతుల్లా గారు తన తెల్లకోటు విప్పి సువార్తమ్మ నడుము నుంచి పాదాల దాకా కప్పుతున్నారు.

చాలాసేపటికి సువార్తమ్మ కళ్ళకు మనుషులు ఆనారు. భయం తగ్గేకొద్దీ హిమజకు కోపం పొంగుకొచ్చింది. "ఫిట్సు ఉన్నాయా అని అడిగాను కదమ్మా! లేవని ఎందుకు..."

ఆయన చెయ్యి ఎత్తారు. హిమజ ఆగిపోయింది.

పొట్టి స్టూలు లాక్కుని, సువార్తమ్మ ముఖానికి దగ్గరగా కూర్చున్నారాయన. "అన్నం తిని ఎన్నాళ్ళయిందమ్మా?"

"మూడు దినాలు సార్. నమలలేక."

"ఖాళీ కడుపున మాత్రలు పడవు కదా."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తిప్పుతాదని మానేసినా సార్. నాలుగేండ్లుగా రాలేదు, ఇంక రాదులే అనుకున్నా." తలుపు వైపు చూసి, "బుడ్డన్న చూసినాడా?" అంది.

"చూశాడమ్మా."

ఆమె కళ్ళు మూసుకుంది. "డిపోలో తెలిస్తే నన్ను బస్సెక్కనియ్యరు సార్."

"ఇప్పటిదాకా తలుపు దగ్గర కాపలా ఉన్నది ఆయనే. డిపోకి ఏం చెప్పాలన్నది తర్వాత, మీ డాక్టరుతో మాట్లాడి నువ్వే తేల్చుకో. ఈరోజుకి పన్ను ముట్టుకోం. ముందు మాత్రల సంగతి."

ఆసుపత్రికి ఆయనే ఫోను చేశారు. బుడ్డన్న ఆటో పిలిచాడు. తెల్లకోటు అలాగే చుట్టుకుని సువార్తమ్మ ఎక్కింది. అతను పక్కన కూర్చుని ఎవరికో ఫోనులో, "పన్ను సలుపుతో పడుకుండాది, ఈ ట్రిప్పుకు వేరేవాళ్ళను చూసుకోండి," అంటున్నాడు.

ఆటో మలుపు తిరిగాక రహమతుల్లా గారు బెంచీలున్న ముందు గదిలోకి వచ్చారు. అక్కడ ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. హిమజ వెనకే వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"సార్, నేను అడగడం మానలేదు. సూటిగానే అడిగాను. ఆమె లేదంది. ఇందులో నా తప్పేముంది?"

ఆయన గది మధ్యలో ఆగి, వెనక్కి తిరిగి, ఎన్నడూ లేనంత గట్టిగా అన్నారు. "హిమజా, లోపల భయపడ్డావా? చేతులింకా వణుకుతున్నాయా?"

బెంచీల మీది ముఖాలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"లేదు సార్," అంది హిమజ, చేతులు కోటు జేబుల్లోకి దోపుకుంటూ.

ఆయన తల ఊపి, బెంచీ వైపు చూశారు.

"తర్వాత ఎవరమ్మా?"