రేవులోకి దారి

నిరంజన్‌కు కావలసింది ఒక్క సంతకం. గోదావరి ఒడ్డున పాత చాకిరేవు దగ్గర కట్టబోయే పార్కుకు ఆరు నెలలు కూర్చుని ప్లాను గీశాడు. మర్నాడు అది మునిసిపాలిటీకి వెళ్లాలి. గురువుగారు సర్వారాయుడు మాస్టారు సంతకం పెట్టనిదే గడప దాటదు. నలభై ఏళ్లుగా తోటలూ రేవులూ గీస్తున్న మనిషి ఆయన. రెండు రోజులుగా ఆ కాగితం చూస్తున్నారు, నోరు మెదపడం లేదు.

పొద్దున్నే నిరంజన్ ఉండబట్టలేక అడిగేశాడు.

"తప్పేముందో చెప్పండి మాస్టారూ. కానుగ చెట్టు ఒక్కటి కొట్టించలేదు. పిట్టలు గూళ్లు పెట్టుకుంటాయని రెల్లు పొదలు ముట్టుకోలేదు. ఊరి చరిత్రా మర్చిపోలేదు. చాకిరేవు బండను అరుగెక్కించి, పక్కన బట్టలుతికే ఆమె కంచు బొమ్మ పెట్టాను."

ఆ చివరి మాటలో గర్వం కాస్త తొంగిచూసింది. తొంగిచూడటమేమిటి, కుర్చీ వేసుకుని కూర్చుంది.

మాస్టారు భుజం మీది కండువా తీసి, బల్ల మీది పెన్సిల్ పొడి తుడిచి, అతని చేతికిచ్చారు.

"ఇది ఉతికించుకురా. ప్లాను కూడా పట్టుకెళ్లు. నీ పార్కులోనే ఉతికించు."

నిరంజన్‌కు ఒళ్లు మండింది. సంతకం అడిగితే చాకిరీ చెబుతారా! అయినా ఆయన మాటకు ఎదురుచెప్పే అలవాటు లేదు గనక వెళ్లాడు.

రేవులో లోవమ్మ అనే ఆమె మోకాటి లోతు నీళ్లలో నిలబడి దుప్పట్లు ఉతుకుతోంది. అటూ ఇటూ ఇంకో పదిమంది. నిరంజన్ బిత్తరపోయాడు. కొలతలకు ఎన్నిసార్లు వచ్చినా, ఎండ తగ్గాక సాయంత్రమే వచ్చేవాడు. అప్పటికి బట్టలు ఇళ్లు చేరిపోయి, ఉత్త బండలే ఉండేవి. ఈ రేవు వాడకం ఏనాడో పోయిందనుకున్నాడు.

కండువా ఇచ్చి ప్లాను విప్పాడు.

"ఇదేటి బాబూ?"

"పార్కమ్మా. ఇక్కడే వస్తుంది."

"ఈ బొమ్మెవరిదండి?"

"బట్టలుతికే ఆమెది."

లోవమ్మ వంగి చూసింది. కోపమేం లేదు ఆమె మొహంలో. దారి అడిగినట్టు అడిగింది.

"మరి నీళ్లలోకి ఎటేపు దిగాలండి? పద్దెనిమిది కుటుంబాలమండి. ఇక్కడ తప్పితే ఒడ్డంతా లోతేనండి."

నిరంజన్ వేలు గట్టు పొడవునా జరిగింది. రెయిలింగు. పూలకుండీలు. మళ్లీ రెయిలింగు. కాగితం అయిపోయింది.

తిరిగొచ్చి మధ్యాహ్నం భోజనం కూడా మరిచి గీశాడు. సాయంత్రానికి కొత్త ప్లానులో రెయిలింగు తెగింది, నీటి దాకా మెట్లు దిగాయి, బండలు ఉన్నచోటే ఉన్నాయి. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

"కంచు బొమ్మ ఏదయ్యా?"

"అక్కర్లేదండి. లోవమ్మ గారు రోజూ తెల్లవారుజామున ఐదింటికే వస్తారట."

"బావుంది. మరి నీ పార్కు గేటు ఎన్నింటికి తీస్తారు?"

నిరంజన్ రబ్బరు అందుకుని, రేవు వైపు గేటు చెరిపేసి, ఆ దారి తెరిచి ఉంచాడు.

మాస్టారు సంతకం పెట్టారు.