దివాను అరచెయ్యి

కోటలోని బడిలో పిల్లల చేతుల్లో దిగిన చెక్కపేళ్లు సూదితో తీయడమే గవరమ్మ పని. దివాను చేయించిన గరుకు బల్లల వల్ల రోజూ ఎవరికో ఒకరికి గుచ్చుకునేవి. ఆ వానాకాలం సీతాలు అనే పిల్లకు చెయ్యి చీముపట్టి, ప్రాణమే పోయింది.

రాజు విచారణకు బడికి వచ్చాడు.

“బల్లలు అద్దంలా ఉన్నాయి ప్రభూ! దీని సూదే పిల్లను చంపింది,” అన్నాడు దివాను గవరమ్మను చూపిస్తూ.

గవరమ్మ ఒక బల్లను ముందుకు జరిపింది. “దివానుగారు ఈ బల్లను అరచేత్తో ఒక్కసారి గట్టిగా తుడిస్తే, ఏ శిక్షకైనా తల వంచుతాను ప్రభూ.”

దివాను చెయ్యి చాచాడు. అది బల్లకు జానెడు ఎత్తున ఆగిపోయింది, ఎంతకీ కిందికి దిగలేదు.

రాజుకు సంగతి బోధపడింది. దివానును కొలువు నుంచి తీసేసి, బల్లలన్నిటికీ చిత్రిక పట్టించమన్నాడు. గవరమ్మకు తన మెడలోని హారం ఇవ్వబోయాడు.

ఆమె అందుకోలేదు. “నాకేం వద్దు ప్రభూ. సీతాలు తల్లి ఇంకా పొయ్యి వెలిగించలేదు. ఒక్కసారి ఆ గడప తొక్కండి,” అంది.