ప్లీజ్‌కి ఒక్క మాట

"సెన్సేగారూ, ఇంగ్లీషు ప్లీజ్‌కి జపనీసులో ఒక్క మాట చెప్పండి. ఒక్కటంటే ఒక్కటే!" అంటూ పైడిరాజు రొప్పుతూ వచ్చి పడ్డాడు. సెన్సే అంటేనే గురువుగారు. దాని మీద మళ్ళీ 'గారు' తగిలించడం అనకాపల్లిలో ఆవిడ దగ్గర జపనీసు నేర్చుకునే మా శిష్యబృందం చేసుకున్న ఏర్పాటు. సుభద్రమ్మగారు దాన్ని ఏనాడూ దిద్దలేదు.

"ఎవరు ఎవరితో ఏం చేస్తూ అనే ప్లీజు?" అని అడిగారావిడ.

"ఎవరైతేనేమండీ! ప్లీజు ప్లీజే కదా!"

వాడి తొందరకు కారణముంది. వాడి అక్క నూకరత్నం ఒసాకాలో ఉద్యోగం చేస్తూ, తనతో పనిచేసే హరుతో అనే అబ్బాయిని ఇష్టపడింది. పిల్ల పుట్టిన ఇల్లు కళ్ళారా చూశాకే ఔనో కాదో చెబుతానని ఆ అబ్బాయి తల్లి మోరితాగారు ఒంటరిగా బయలుదేరి వచ్చేసింది. ఆ మధ్యాహ్నమే వీళ్ళింట్లో భోజనం. ఆవిడకు జపనీసు తప్ప రాదు, వీడి తల్లి అప్పయ్యమ్మకు తెలుగు తప్ప రాదు. మధ్యన వీడూ, వీడి అరకొర చదువూ! అక్క పెళ్ళి తన నాలిక మీద ఉందని వాడికి కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

గురువుగారు అడిగినదానికి జవాబు చెప్పలేదు. ఆవిడ అలవాటే అంత. "భోజనానికి నేనూ వస్తాను. తినడం నా పని, మాట్లాడ్డం నీ పని" అన్నారు. నన్నూ రమ్మన్నారు. పనసపొట్టు కూర మాట చెవిన పడ్డాక నేనాగుతానా!

వాడు మాత్రం ఆగాడా? ఫోన్లో వెతికి, ప్లీజంటే 'కుదసాయ్' అని తేల్చేసుకుని, తల్లిచేత వల్లె వేయించేశాడు.

భోజనం బ్రహ్మాండంగా సాగింది. మోరితాగారు ఆవపెట్టిన కూర తిని కళ్ళు తుడుచుకుని మళ్ళీ వేయించుకుంది. మా అందరి ముఖాలూ వెలిగిపోయాయి. భోజనాలయ్యాక అప్పయ్యమ్మ ఆవిడకు బొట్టు పెట్టి, పళ్ళెంలో పట్టుచీర పెట్టుకొచ్చి, ముందుకు చాపి, నేర్చుకున్న మాట నిండు మనసుతో అంది: "కుదసాయ్! కుదసాయ్!"

కుదసాయ్ అంటే 'ఇవ్వండి' అని.

మోరితాగారు బిత్తరపోయింది. పళ్ళేన్నీ అప్పయ్యమ్మ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. చివరికి మెడలోని ముత్యాల దండ తీసి చీర మీద పెట్టింది. అప్పయ్యమ్మ హడలిపోయి "ఇదేటమ్మా!" అని వెనక్కి నెట్టింది. ఇచ్చింది చాల్లేదనుకుందో ఏమో పాపం, మోరితాగారు కూడా తన ఫోన్లో వెతికి నేర్చుకొచ్చిన తెలుగు ప్లీజు ఒకటుంటే, రెండు చేతులతో దండ ముందుకు తోస్తూ దాన్ని ప్రయోగించింది: "దయచేయండి! దయచేయండి!"

"ఓలమ్మో! నా ఇంట్లోంచి నన్నే దయచేయమంటాదేటిరా! నానేటి తప్పు చేసేను?" అని అప్పయ్యమ్మ గొల్లుమంది. అది చూసి మోరితాగారు తల వంచుకుని సంచీ అందుకుంది. కొంప మునిగిందనుకున్నాను. పైడిరాజు గురువుగారికేసి తిరిగాడు.

"ఒరే, మాటలు వదిలెయ్. ఎవరి మనసులో ఏముందో అది చెప్పు" అన్నారు గురువుగారు.

వాడు మోరితాగారి ముందు చతికిలబడి, ముక్కలు ముక్కలుగా, తప్పులతడకగా చెప్పాడు. అమ్మ అడగలేదు, ఇస్తోంది. 'దోజో, తీసుకోండి' అనాల్సింది, నేనే తప్పు నేర్పాను. తర్వాత తల్లివైపు తిరిగి, "ఆవిడ పొమ్మనలేదే అమ్మా, తీసుకోమని బతిమాలింది" అన్నాడు.

మోరితాగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఏడుస్తోందనుకున్నాం, నవ్వు! అప్పయ్యమ్మ "ఓసి నా తల్లి! అడిగితే మెడలోది ఇచ్చేస్తావేటి!" అంటూ దండ తన చేత్తోనే ఆవిడ మెడలో వేసింది. ఇక పట్టపగ్గాల్లేవు. బూరె తెచ్చి, కడుపు నిండిందని ఆవిడ చేతులూపుతున్నా వినకుండా, "కాస్త తినమ్మా, కాస్తే!" అంది. ఆవిడ రెండు వేళ్ళూ దగ్గరగా పెట్టి "చొత్తో" అంటూ నోరు తెరిచింది. చొత్తో అన్నా కాస్తే! అప్పయ్యమ్మ ముక్క తుంచి ఆవిడ నోట్లో పెట్టింది. బూరె మింగుతూనే ఆవిడ పైడిరాజును ఏదో అడిగింది. వాడు వీధి దద్దరిల్లేలా అరిచాడు: "అమ్మా! పెళ్ళెప్పుడు పెట్టుకుందామంటోంది!"

ఆ సంబరంలోనే వాడు ఎగురుకుంటూ వచ్చి గురువుగారి మీద పడ్డాడు. "సెన్సేగారూ, దొరికేసింది! ప్లీజంటే చొత్తో, మన కాస్త!"

సుభద్రమ్మగారు వాడి చెవి మెత్తగా మెలిపెట్టారు.

"మీ అమ్మ పెట్టేటప్పుడు బూరెకేసి చూసిందట్రా, ఆవిడ నోటికేసి చూసిందా?"