తూము దగ్గరా ఆయనే, చావడిలోనూ ఆయనే

రండర్రా, ముందుకు జరిగి కూర్చోండి.

పూర్వం ఒక ఊళ్లో కాలువ తూము కాసే రాజోద్యోగి పేరయ్యనే జనం ఊరిపెద్దగా కూడా ఎన్నుకున్నారు. ఆ ఏడు గవరమ్మ అనే రైతు నారుమడి ఎండిపోతోంది. పొద్దున్నే తూము దగ్గరికి వెళ్లి, "నీళ్లు వదలండి బాబూ" అంది.

"ఊరిపెద్ద ఒప్పుకోవాలి" అన్నాడు పేరయ్య.

సాయంత్రం చావడికి వెళ్లి అడిగితే, "నాదేముంది? తూము ఉద్యోగి ఒప్పుకోవాలి" అన్నాడు అదే పేరయ్య, మీసం దువ్వుతూ.

గవరమ్మకు కడుపు మండింది. అయినా నవ్వుతూనే ఊరందరి ముందూ చేతులు కట్టుకుంది.

"పెద్దయ్యా, మీ ఇద్దరిలో అడ్డుపడేది ఎవరో మీరే తేల్చండి. ఉద్యోగి అయితే రాజుగారికి చెప్పి తీయించేస్తాం. ఊరిపెద్ద అయితే మేమే దించేస్తాం."

చావడంతా గొల్లున నవ్వింది. పేరయ్య చెప్పులైనా తొడుక్కోకుండా తూముకేసి పరుగెత్తాడు. చీకటి పడేలోగా గవరమ్మ మడి నిండింది.

ఇక లేవండర్రా, ఇళ్లకెళ్లి వేడివేడిగా బువ్వ తినండి.