పిస్టన్ మీద పిండిముద్ద

బోటు నడిపే సరంగు పోలిరాజును పూడ్చిపెట్టి వచ్చిన మధ్యాహ్నమే మసేను షెడ్డుకొచ్చి గురువు ముందు నిలబడ్డాడు.

ఆ రేవులో బోటు ఇంజన్లు బాగుచేసేదెవరని అడిగితే ఎవరైనా ఉస్తాద్ మౌలాలీ పేరే చెబుతారు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లలో చెయ్యి తిరిగినవాడు మసేను. చెయ్యితోపాటు కాస్త తల కూడా తిరిగిందని గిట్టనివాళ్లు అంటారు. వాళ్ల నోటికి మూతేముంది!

పోలిరాజు బోటుకి కొత్త క్యామ్ వేసింది మసేనే. ఇంజన్‌లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చూసుకునేది ఆ క్యామే. రేవులో ఇంజన్ చక్కగా ఆడింది. నడిసంద్రంలో గాలి లేచి, పోలిరాజు జోరు పెంచగానే వాల్వు పిస్టన్‌కి కొట్టుకుని విరిగింది. ఇంజన్ ఆగిపోయింది. లంగరు వెయ్యబోయిన పోలిరాజుని అల ఈడ్చుకుపోయింది. పక్క బోటువాళ్లు శవాన్నీ, బోటునీ ఒడ్డుకి తెచ్చారు. ఇంజన్ని విప్పి ఉస్తాద్ షెడ్డులో దింపారు.

"రేపు కులపెద్దలు కూర్చుంటున్నారు ఉస్తాద్. అందరూ నామీదే పడుతున్నారు. క్యామ్‌ని తిప్పే పళ్లచక్రాల మీద కంపెనీవాడు కొట్టిన గుర్తులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపాను. ఇప్పటికీ కలిసే ఉన్నాయి, చూడండి. మీరొచ్చి, మావాడి తప్పు లేదని ఒక్క మాట చెబితే చాలు."

ఉస్తాద్ వంగి చూశాడు. గుర్తులు కలిసే ఉన్నాయి.

"క్యామ్ వేశాక చేత్తో తిప్పి చూశావా?"

"గుర్తులు కలిశాక ఇంకా చూసేదేముందండీ?"

ఉస్తాద్ విరిగిన ముక్కలు తీయించి, వేరే పిస్టన్, వేరే వాల్వు పెట్టించాడు. క్యామ్, పళ్లచక్రాలు మాత్రం అవే. ఇంట్లోంచి రొట్టెల పిండి తెప్పించి, చిన్న ముద్దకి నూనె రాసి పిస్టన్ నెత్తిన అద్దాడు. పైన మూతలా ఉండే హెడ్డు బిగించమన్నాడు.

"తిప్పు."

మసేను ఇంజన్ పక్కనున్న ఫ్లైవీలు చక్రం పట్టుకుని మెల్లగా తిప్పాడు. ఎక్కడా పట్టలేదు. అతనికి ప్రాణం లేచొచ్చింది. "చూశారా! ఎక్కడైనా తగిలిందా?"

"విప్పు."

హెడ్డు లేపారు. వాల్వు దిగిన చోట పిండి ఉల్లిపొర కంటే పల్చగా అణిగిపోయి ఉంది. దానికింద పిస్టన్ తళుక్కుమంటోంది. చేత్తో మెల్లగా తిప్పితేనే వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య మిగిలిన సందు అంతే. ఇక వేడెక్కి, జోరుమీద తిరిగితే ఏమవుతుందో మసేనుకి ఒకరు చెప్పాలా?

అతను పళ్లచక్రం మీది గుర్తుని వేలితో తడిమాడు.

"అయ్యో, కొత్త క్యామ్ చక్రం మీద గుర్తే పక్కకి పడింది ఉస్తాద్! కంపెనీవాడే తప్పు కొట్టాడు."

"అవును, వాడే కొట్టాడు." ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. "వాడికి పోలిరాజెవరో తెలీదురా. నీకు తెలుసు."

మసేను ఆ పిండిని పిస్టన్ మీంచి ఒలిచి అరచేతిలోకి తీసుకున్నాడు.

"రేపు మీరు రావద్దు ఉస్తాద్. తిప్పి చూడలేదని నేనే చెప్పుకుంటాను" అన్నాడు చివరికి.